తిరుపతి చలికాలంలో జెడ్4: షెడ్డులో పెట్టాలా, రోడ్డెక్కించాలా?

ఐరోపాలో స్పోర్ట్స్ కారు ఉన్నవారిలో చాలామంది నవంబరు రాగానే దాన్ని షెడ్డులో పెట్టి, మార్చి దాటాకే బయటికి తీస్తారు. అందుకు వారికి బలమైన కారణాలే ఉన్నాయి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని తుప్పు పట్టిస్తుంది. వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీలకు దిగువన గట్టిపడి రోడ్డును పట్టుకోదు. జర్మనీలోనైతే ఏడాదిలో కొన్ని నెలలకు మాత్రమే చెల్లే నంబరు ప్లేటు తీసుకొని, మిగిలిన నెలల పన్ను, బీమా భారం తప్పించుకునే వీలు కూడా ఉంది. ఆ సలహాలే చదివి మన దగ్గర కూడా కొందరు అక్టోబరులో కవరు కప్పేసి, ఉగాదికి తీద్దామనుకుంటున్నారు. బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐని తిరుపతిలో కొన్నేళ్లుగా నడుపుతున్నవాడిగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, ఇక్కడ ఆ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. టాపు తీసి తిరగడానికి చేసిన కారుకు మన ఊళ్లో దొరికే కాలం చలికాలం ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో టాపు తీయాలన్న ఆలోచనే రాదు. అయితే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న ఈ కాలంలో మొదటి సగం వానది, రెండో సగం పొగమంచుది కాబట్టి, రెండింటినీ కలిపి ఒకే తీర్పు ఇవ్వడం కుదరదు.

ముందు కారు సంగతి. ఇది ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో, మాగ్నా స్టైర్ కర్మాగారంలో తయారై మన దేశానికి వచ్చిన రెండు సీట్ల బండి. 2,998 సీసీల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను 340 హార్స్‌పవర్‌ను, 500 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాలను తిప్పే బలాన్ని, ఇస్తుంది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టె ద్వారా ఆ బలమంతా వెనక చక్రాలకే వెళుతుంది. నిలిచిన చోటు నుంచి 100 కి.మీ. వేగానికి 4.5 సెకన్లలో చేరుతుందని కంపెనీ చెబుతుంది. ఆ మాటను తిరుపతి–చిత్తూరు దారిలో పరీక్షించవలసిన అవసరం ఎవరికీ రాదు. బట్ట టాపు 10 సెకన్లలో తెరుచుకుంటుంది, 50 కి.మీ. వేగం లోపు కారు నడుస్తుండగానే తెరవవచ్చు, మూయవచ్చు. 2023లో దీని ఎక్స్‌షోరూం ధర 89.30 లక్షల రూపాయలు. ఇంత డబ్బు పోసి కొన్న వస్తువును ఏడాదిలో ఐదు నెలలు కప్పి ఉంచడమా అన్న ప్రశ్న సహజమే. కానీ వాన చేసే నష్టం ఎంతటిదో తెలిశాకే దానికి జవాబు వెతకాలి.

తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు–డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో లేచే వాయుగుండాలతో పడుతుంది. 2021 నవంబరు 18, 19 తేదీల్లో పడిన వానకు కపిలతీర్థం జలపాతం పోటెత్తింది, స్వర్ణముఖి ఒడ్లు దాటింది, తిరుమల ఘాట్ రోడ్లు మూసివేశారు, నగరంలో వీధులకు వీధులే నీట మునిగాయి. అంతకు నెల రోజుల ముందే, అదే ఏడాది అక్టోబరులో, వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో ఒక వాహనం చిక్కుకొని, అందులో ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. ఎత్తయిన జీపుల్లాంటి వాహనాలకే అక్కడ దారి దొరకనప్పుడు, నేలకు జానెడు ఎత్తులో కూడా లేని ఈ కారు గురించి వేరే చెప్పనక్కరలేదు. వాన మొదలైతే అండర్‌బ్రిడ్జి దారి పట్టకూడదన్నది నేను ఎప్పుడూ సడలించని నియమం. 2023 సెప్టెంబరులో పూర్తిగా వాడుకలోకి వచ్చిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఈ విషయంలో మంచి మేలు చేసింది. కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు రోడ్డు వైపు పోవాలంటే ఇప్పుడు కింది కూడళ్ల నీళ్లను దిగకుండా పైనుంచే దాటిపోవచ్చు.

నీళ్లలో ఎంతవరకు వెళ్లవచ్చో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. నా కారుకు ఉన్నవి 19 అంగుళాల చక్రాలు. ముందు టైరు వెడల్పు 255 మి.మీ., వెనక టైరు వెడల్పు 275 మి.మీ., రెండింటి పక్కగోడ ఎత్తు వెడల్పులో 35 శాతం. అంటే ముందు చక్రం రిమ్ము కింది అంచు నేలకు దాదాపు 9 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కారు అడుగుభాగానికి, నేలకు మధ్య కంపెనీ చెప్పే ఖాళీ 114 మి.మీ. ముందు పోతున్న ఇన్నోవానో, ఆటోనో చూసి లోతు అంచనా వేయడం ప్రమాదం. నీళ్లు రిమ్ము అంచును తాకుతున్నాయంటే బండి అడుగుకు ఇక రెండు వేళ్ల ఎడమే ఉన్నట్టు, పక్కన ఒక లారీ పోతే లేచే అల చాలు దాన్ని ముంచడానికి. అక్కడ ఆగి వెనక్కి తిప్పుకోవాలి. ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. గాలి లాగే దారిలోంచి నీళ్లు సిలిండరులోకి చేరితే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ తర్వాత ఇంజనే మార్చుకోవాలి.

బీమా విషయంలో చాలామంది పప్పులో కాలు వేసేది ఇక్కడే. మామూలు సమగ్ర పాలసీ వరదలో కారు మునిగితే జరిగే నష్టాన్ని భరిస్తుంది గాని, నీళ్లలో ఇంజను తిప్పబోయి దాన్ని పాడుచేసుకుంటే అది ప్రమాదం వల్ల నేరుగా వచ్చిన నష్టం కాదని బీమా సంస్థలు తోసిపుచ్చుతాయి. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరును పాలసీ రెన్యూవల్ సమయంలోనే కలుపుకోవాలి, అందులోని షరతులు చదువుకోవాలి. టైర్లకు, రిమ్ములకు విడిగా దొరికే కవరు కూడా ఈ బండికి వృథా కాదు. చలికాలంలో నడపాలా వద్దా అని ఊగిసలాడేవారు ముందుగా తమ పాలసీ పత్రం తీసి చూసుకుంటే, సగం నిర్ణయం అక్కడే జరిగిపోతుంది.

వానలో అసలు ప్రశ్న లోతు నీళ్లు కాదు, పలుచని నీళ్లు. జాతీయ రహదారి మీద జడివాన పడి, నీరు పక్కకు పోయేలోపు రోడ్డు మీద ఒక పొర నిలుస్తుంది. టైరు గాడుల్లోంచి ఆ నీరు బయటికి పోలేకపోతే చక్రం రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. ఆ క్షణంలో స్టీరింగుకు, బ్రేకుకు అర్థం ఉండదు. టైరు ఎంత వెడల్పయితే అది పక్కకు నెట్టవలసిన నీరు అంత ఎక్కువ, కాబట్టి పొడి రోడ్డు మీద ఈ కారుకు బలమైన వెడల్పు టైర్లే తడి రోడ్డు మీద దాని బలహీనత. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మి.మీ. ఉంటే చాలు, కానీ ఆ లోతుతో నవంబరులో చిత్తూరు దారి పట్టడం తెలివైన పని కాదు. నేను 3 మి.మీ. దగ్గరే టైర్లు మార్చేస్తాను. అదీ అక్టోబరులోపు. ఎండాకాలమంతా అరిగిన టైర్లతో కానిచ్చి, సంక్రాంతికి కొత్తవి వేయించుకుందామనుకునే అలవాటు మామూలు కార్లకే మంచిది కాదు, దీనికి అసలే పనికిరాదు.

తడి రోడ్డు మీద రెండో సమస్య ఇంజను బలం. ఆ 500 న్యూటన్ మీటర్లు ఇంజను నిమిషానికి 1,600 చుట్లు తిరిగే దగ్గరే అందుబాటులోకి వస్తాయి. అంటే ఇంజను అరవకముందే, మీరు తొందరపడుతున్నారన్న సంగతి మీకే తెలియకముందే, వెనక చక్రాలకు కావలసినదానికంటే ఎక్కువ బలం చేరిపోతుంది. తడిసిన కూడలిలో ఎడమకు తిరుగుతూ పెడల్ కాస్త గట్టిగా తొక్కితే వెనకభాగం పక్కకు జారబోవడం, వెంటనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ దాన్ని సర్దడం నడుముకు తెలుస్తుంది. ఎం40ఐకి ఇచ్చిన, వెనక చక్రాల మధ్య బలాన్ని పంచే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్, కారు జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ రెండూ నిజంగా మంచి పనితనం గలవి; కంఫర్ట్ మోడ్‌లో ఉంచి పెడల్‌ను మర్యాదగా వాడినంత కాలం వానలో ఈ కారు నన్ను భయపెట్టలేదు. కారును దూకుడుగా నడిపించే స్పోర్ట్ ప్లస్ మోడ్‌లో మాత్రం ఆ పగ్గాలు కొంత వదులవుతాయి. వాన కాలంలో ఆ బటన్ జోలికి పోకూడదు. కారు ఎక్కిన స్నేహితులు దాన్ని నొక్కమని ఎంత బతిమాలినా సరే.

స్పీడ్ బ్రేకర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కారు కొనాలనుకునేవారు మొదట అడిగేది దాని గురించే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గుండ్రంగా ఉండాలి. కారు కింద ఖాళీ 11.4 సెంటీమీటర్లే కాబట్టి తగులుతుందని అనిపిస్తుంది. కానీ కారు ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.47 మీటర్లు. అంటే కారు నడిమి భాగం శిఖరం మీదికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ ఆ దిబ్బ వాలు మీదే ఉంటాయి. లెక్క వేస్తే నడుము కింద ఇంకా 7 సెంటీమీటర్ల దాకా ఖాళీ మిగులుతుంది. ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు దీన్ని ముట్టుకోదు. ముట్టుకునేది బడి ముందో, గుడి ముందో, పెద్దమనిషి ఇంటి ముందో ఊరివాళ్లు రెండు తట్టల కాంక్రీటు పోసి రాత్రికి రాత్రి నిలబెట్టిన పొట్టి, ఎత్తు గట్టు. దాని వెడల్పు రెండడుగులు ఉండదు, ఎత్తు అరడుగుకు తగ్గదు. పొడి రోజున దాన్ని చూసి, కారును కొంచెం ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నే ఎక్కించి దాటవచ్చు. వాన రోజున తెల్ల గీతలు చెరిగిపోయి, ముందు నీళ్లు నిలిచి, అది రోడ్డులాగే కనిపిస్తుంది. చంద్రగిరి దాటాక పల్లెదారి పట్టాలనుకుంటే ఆ దారిని ముందుగా వేరే బండిలో చూసుకోవడం మేలు.

గుంతల సంగతి పంక్చరు షాపు అబ్బాయి నాకంటే బాగా చెప్పాడు. గాలి చూడటానికి వంగి, టైరు పక్కగోడను బొటనవేలితో నొక్కి చూసి, "అన్నా, దీనికి సైడు కండే లేదు. నీళ్లుండే గుంతలో పడిందంటే దెబ్బ నేరుగా రిమ్ముకే తగల్తాది" అన్నాడు. ముమ్మాటికీ నిజం. పైగా కారులో స్టెప్నీ లేదు. రిమ్ము పగిలితే దారిలో చేయగలిగింది ఏమీ ఉండదు, వెనక భాగం చదునుగా ఉన్న రికవరీ లారీని పిలిచి ఎక్కించుకోవాలి. నేను సర్వీసుకు చెన్నైకే తీసుకువెళతాను కాబట్టి నాకు ఆ లారీ ఖర్చు కూడా లెక్కలోనిదే.

బట్ట టాపు వానకు ఆగుతుందా అన్నది చాలామంది అనుమానం. ఆగుతుంది, వాన చప్పుడు మామూలు రేకు టాపు కంటే భిన్నంగా, దగ్గరగా వినిపిస్తుందే తప్ప, లోపలికి చుక్క రాదు. చూసుకోవలసింది టాపు అంచుల్లోంచి నీళ్లు కిందికి దిగిపోయే సన్నని గొట్టాలను. కారు వేపచెట్టు కిందో, కానుగ చెట్టు కిందో నిలిపితే ఆకులు, పూత ఆ కాలువల్లో చేరి కుళ్లి అడ్డుపడతాయి. నీరు పోయే దారి లేక సీటు వెనకాలకు, కార్పెట్ కిందికి చేరుతుంది. పదిహేను రోజులకోసారి మెత్తటి బ్రష్షుతో ఆ కాలువలు శుభ్రం చేసుకోవడం, తడి టాపును మడవకుండా ఆరనివ్వడం, వాటర్ సర్వీసు చేసే చోట ఎక్కువ ఒత్తిడితో కొట్టే నీళ్ల గొట్టాన్ని టాపు అతుకుల మీదికి రానివ్వకపోవడం, ఇంతే దీనికి కావలసిన సేవ. టాపు మూసినప్పుడు వెనక మూలలు సరిగా కనిపించవన్న లోపం మాత్రం వానలో బాగా తెలుస్తుంది. రెయిన్‌కోటు వేసుకొని ఎడమ పక్కనుంచి దూరే బైకు ఆ మూలలోనే ఉంటుంది.

అయితే వాన నెలల్లో పూర్తిగా నిలిపేద్దామా అంటే, నిలిపేయడం వల్ల కలిగే లాభం ఏమిటో చూడాలి. మనకు జర్మనీలోలా నెలల వారీ నంబరు ప్లేటు లేదు. లైఫ్ ట్యాక్సు ఒకేసారి కట్టేశాం, బీమా ఏడాదికి కట్టేశాం, కదిలినా కదలకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. పైగా ఇక్కడి నవంబరు తేమలో కవరు కప్పి నెలల తరబడి ఉంచిన కారుకు కష్టాలు తక్కువేమీ కావు. సీట్ల తోలు మీద బూజు పడుతుంది, బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి, బ్యాటరీ దిగిపోతుంది, ఒకే చోట నిలిచిన టైర్లు అడుగున చదునవుతాయి. ఇప్పుడు మనకు దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోలు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి సగం ఖాళీ ట్యాంకుతో కారును వదిలేయకూడదు. ఎలుకల సంగతి వేరే చెప్పాలా? వానకు కలుగులు మునిగిన ఎలుక వెచ్చగా, పొడిగా ఉండే చోటు వెతుక్కుంటూ ఇంజను దగ్గరికి వచ్చి, ఊరికే ఉండలేక వైర్లు కొరుకుతుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం సెల్లార్. ఎండ, వాన తగలకుండా ఉంటుందని అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నిలిపిన కారు, రోడ్డు మీద వరద వస్తే అందరికంటే ముందు మునుగుతుంది. పైన నిలబడ్డ పాత స్కూటర్‌కు ఏమీ కాదు, కింద దాచిన 89 లక్షల కారు నీళ్లపాలవుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కారును ఎత్తయిన చోటికి తరలించడం కవరు కప్పడం కంటే ముఖ్యమైన పని. కార్తీకం వెళ్లగానే వానలు వెళ్లిపోయాయని నిశ్చింతగా ఉండటానికి కూడా లేదు. మాండూస్ తుపాను 2022 డిసెంబరు 9 రాత్రి మామల్లపురం దగ్గర తీరం దాటింది, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది, రెండుసార్లూ తిరుపతి జిల్లా మీద గట్టి వానలే పడ్డాయి.

కాబట్టి వాన నెలల్లో నా పద్ధతి ఇది. అల్పపీడనమో వాయుగుండమో ఉన్నదని వాతావరణ శాఖ చెప్పిన రోజుల్లో కారు కదలదు. మధ్యలో రెండు మూడు రోజులు తెరిపి ఇచ్చినప్పుడు, రోడ్లు ఆరాక, తప్పకుండా తీసి ఇంజను, గేర్‌బాక్సు బాగా వేడెక్కేంత దూరం తిప్పుతాను. వాకిట్లోనే ఐదు నిమిషాలు ఇంజను ఆన్‌లో ఉంచి ఆపేయడం ఎవరికీ మేలు చేయదు, ఆ కాస్త వేడికి సైలెన్సరులో చేరిన తేమ కూడా ఆరదు. పూతలపట్టు–తిరుపతి జాతీయ రహదారి ఇందుకు బాగా అనువు. వెడల్పుగా, ఎక్కువ భాగం నునుపుగా ఉంటుంది, కాశిపెంట్ల దాకా వెళ్లి తిరిగి వస్తే కారుకూ మనకూ సరిపోతుంది. ఇంట్లో రెండో కారు లేనివారు మాత్రం ఈ పద్ధతి పాటించలేరు. వారికి నా సలహా మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఈ కారు కొనవద్దు. రెండు సీట్ల సంగతి పక్కన పెట్టినా, జోరువానలో పిల్లవాణ్ని ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చిన రాత్రి ఇది అక్కరకు రాదు.

ధనుర్మాసం నడిమి నుంచి పరిస్థితి మారిపోతుంది. ఆకాశం తేటపడుతుంది, గాలిలో తేమ తగ్గుతుంది. ఐరోపావారిని భయపెట్టే 7 డిగ్రీల హద్దు తిరుపతిలో జనవరి తెల్లవారుజామున కూడా దరిదాపులకు రాదు, కాబట్టి వేసవి టైర్లు నిశ్చింతగా వాడవచ్చు. తొలి కొన్ని కిలోమీటర్లు టైర్లు వేడెక్కేదాకా నెమ్మదిగా పోతే చాలు. ఉదయం ఆరున్నరకు టాపు తీసి, పక్క అద్దాలు ఎత్తి, కాళ్ల దగ్గరికి వేడిగాలి వదులుకొని, చెవులకు మఫ్లరు చుట్టుకొని బయలుదేరితే కలిగే హాయిని ఈ కారు కంపెనీ బ్రోచర్లలో రాయలేదు గాని, నా దృష్టిలో దీని ధరలో సగం దానికే. ఒంటి పైభాగానికి చల్లగాలి, కింది భాగానికి వెచ్చదనం, ముందు శేషాచలం కొండ అంచు మీద ఎర్రబడుతున్న ఎండ. మే నెలలో ఇదే కారులో టాపు మూసి, ఏసీ పూర్తిగా పెట్టి పోతుంటే మామూలు సెడాన్‌కూ దీనికీ తేడా పెద్దగా తెలియదు.

తిరుమల ఘాట్ రోడ్డు ఈ కారుకు తగిన దారి అని బయటి ఊళ్లవారు అనుకుంటారు. దేవస్థానం నియమాలు తెలిస్తే ఆ భ్రమ పోతుంది. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు మీదుగా ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందు చేరితే జరిమానా తప్పదు. ఎక్కేటప్పుడు సగటు వేగం గంటకు 40 కి.మీ. లోపు, దిగేటప్పుడు 30 లోపు అన్నమాట. 340 హార్స్‌పవర్‌కు అక్కడ పని లేదు. అయినా ఆ వేగంలో కూడా మలుపు మలుపుకూ స్టీరింగు చేతికి చెప్పే కబురు, ముందు వెనకల బరువు సమానంగా పంచుకున్న కారు వంపులో కూర్చునే తీరు ఆనందాన్నే ఇస్తాయి. దిగేటప్పుడు స్టీరింగు వెనకాలి మీటతో గేరు తగ్గించి ఇంజనుతోనే వేగాన్ని పట్టి ఉంచితే బ్రేకులు చల్లగా ఉంటాయి. అలిపిరి తనిఖీ దగ్గర సామాను దింపి స్కానింగుకు ఇవ్వాలి. డిక్కీ 281 లీటర్లే కాబట్టి దింపడానికి ఎక్కువ సామాను ఉండదు, అది ఒక సౌకర్యమే అనుకోవాలి. అక్కడే ఒకసారి తనిఖీ సిబ్బందిలో ఒకాయన తెరిచి ఉన్న టాపును చూసి, "సామీ, పైన మూసుకోండి, కోతులు దూకుతాయి" అన్నాడు. ఆయన మాట వినడమే మంచిది. పక్క సీటులో అరటిపండ్ల సంచి పెట్టుకొని టాపు తీసి కొండ ఎక్కడం కోరి తెచ్చుకునే కష్టం.

ఆ దారిలో వాన మిగిల్చిపోయే ఇంకో ప్రమాదం కూడా మరిచిపోరాదు. 2021 నవంబరు వరదలు తగ్గాక, డిసెంబరు 1న, రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు విరిగిపడి రోడ్డే దెబ్బతింది. కొండ లోపల ఇంకిన నీరు ఆరడానికి వాన ఆగిన తర్వాత కూడా సమయం పడుతుంది. పెద్ద వాన పడ్డ వారంలో సరదా కోసం ఘాట్ ఎక్కడం అనవసరం.

నిజంగా నడపాలనిపించే వారికి నేను చెప్పే దారి పడమటిది. చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు, మదనపల్లె, అక్కడి నుంచి సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న హార్సిలీ హిల్స్. జనవరిలో ఆ వైపు చలి తిరుపతి చలి కంటే బాగా ఎక్కువ, తెల్లవారుజామున పొగమంచు దట్టంగా దిగుతుంది. మంచులో ఈ కారు లోపం ఒక్కటే, అది దాని ఎత్తు. 1.3 మీటర్ల ఎత్తున్న బండి లారీ డ్రైవరుకు అద్దంలో కనిపించదు. మనకు కూడా ముందున్న లారీ వెనక చక్రాలు తప్ప రోడ్డు కనిపించదు. ఇది చెరకు కొట్టే కాలం కూడా. బెల్లం గానుగలకు చెరకు మోసే ట్రాక్టర్లు ట్రాలీ వెనక ఎర్ర దీపం గాని, మెరిసే స్టిక్కరు గాని లేకుండా, గడలు రెండు పక్కలా బయటికి చాచి, రోడ్డు మధ్యలో నడుస్తాయి. నా సీటులోంచి చూస్తే ఆ గడల చివరలు సరిగ్గా ముఖం ఎత్తులో ఉంటాయి. టాపు తీసిన కారులో ఆ దృశ్యం ఎదురైతే ఓవర్‌టేక్ చేయాలన్న కోరిక దానంతట అదే తగ్గిపోతుంది. కాబట్టి ఎండ పొడిచి మంచు విడిచాకే, ఎనిమిది దాటాక, ఘాట్ ఎక్కడం మంచిది. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లేవారికి మొగిలి ఘాట్ దగ్గర కూడా ఇదే మాట వర్తిస్తుంది. అక్కడ దిగువకు వచ్చే బరువు లారీల నుంచి దూరం పాటించాలి.

పండుగ రోజుల గురించి ఒక్క మాట. కనుమకు చంద్రగిరి వైపు రంగంపేటలో పశువుల పండుగ, మిగతా పల్లెల్లోనూ ఆ హడావిడే. రోడ్ల మీద జనం, కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులు, పక్కన ఆరబోసిన వడ్లు. ఆ మూడు రోజులు కారు ఇంట్లోనే ఉండాలి. వైకుంఠ ఏకాదశి ముందు వెనకల అలిపిరి దారి కూడా అంతే. రద్దీలో గంటల తరబడి అంగుళం అంగుళం కదలడానికి ఇంత కారు ఎందుకు?

పెట్రోలు ఖర్చు, సర్వీసు ఖర్చు గురించి ఎక్కువ రాయను. ఈ ధర పెట్టి కొన్నవారికి అవి ముందే తెలుసు, కాలం మారితే అవి పెద్దగా మారవు. చలికాలం కోసం ప్రత్యేకంగా పెట్టవలసింది టైర్లకు, బీమా అదనపు కవర్లకు, ఒక మంచి బ్యాటరీ చార్జరుకు, గాలి ఆడే కవరుకు మాత్రమే. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే ఉంచుతుంది కాబట్టి అది పనికిరాదు.

వాడిన జెడ్4 కొనే ఆలోచనలో ఉన్నవారు చూడటానికి నవంబరులోనే వెళ్లాలి, అదీ వాన పడ్డ మరునాడు. ఎండ రోజున అన్ని కార్లూ బాగానే ఉంటాయి. సీటు వెనక కార్పెట్‌ను ఎత్తి అరచేయి ఆనించి చూడండి. తడి తగిలినా, ముక్కవాసన వచ్చినా టాపు కాలువలు పూడినట్టే. టైరు పక్కన అచ్చేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3519 అని ఉంటే 2019లో 35వ వారపు టైరు, గాడి ఎంత లోతున్నా దాని రబ్బరు వయసైపోయింది. నాలుగు రిమ్ముల లోపలి అంచును టార్చి వేసి చూడాలి, ఎందుకంటే గుంత దెబ్బకు వంగేది ఆ అంచే, బయటి నుంచి మెరుగు పెట్టినవారు అక్కడి దాకా పోరు. పాత యజమాని బీమా క్లెయిముల వివరాలు తప్పక అడగాలి, 2021 నవంబరుకు ముందు నుంచి ఈ ఊళ్లో తిరిగిన బండి అయితే ఆ నెల అది ఎక్కడ నిలబడి ఉండిందో కూడా అడగాలి. జవాబు సెల్లార్ అని వస్తే బేరం అక్కడితో ఆపేయవచ్చు.